స్వస్థత సాక్ష్యం, విటమిన్ సీసాలో మాత్రలు: ఒక పెళ్లి సంబంధం కేస్ స్టడీ

ఇది ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఒక తెలుగు సంఘానికి చెందిన కుటుంబం కేసు. ఊరు, ఉద్యోగాలు, బంధుత్వాల వివరాలు కొన్ని మార్చాను. ఆ అమ్మాయి పూర్తిగా చదివి, రెండు చోట్ల దిద్ది, సరేనన్నాకే బయటపెడుతున్నాను. నేను పాస్టర్ని, సంఘంలో కౌన్సెలింగ్ పని కూడా చూస్తాను. అబద్ధం పాపమని ప్రసంగం చెప్పడం కష్టం కాదు. దేవుని మహిమ కోసమే అనుకుంటూ ఒక ఇల్లంతా మోస్తున్న అబద్ధాన్ని ఎవరి బతుకూ నలగకుండా దింపించడమే కష్టం. ఇలాంటిది ఎదురైన పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. జర్మనీ నుంచి బ్రెక్లుమ్ లూథరన్ మిషనరీలు 1882లో వచ్చినప్పుడు పని మొదలుపెట్టింది కూడా కొరాపుట్, సాలూరు వైపులే. అందుకే ఘాటీకి, అంటే కొండదారికి ఇటూ అటూ సంఘాల మధ్య రాకపోకలు, చుట్టరికాలు పాతవి. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా చదువుకుంటారు, ఇంట్లో, చర్చిలో తెలుగు మాట్లాడతారు. ఆడపిల్లల సంబంధాలు చాలావరకు ఘాటీ దిగి ఆంధ్ర వైపు కుదురుతాయి. అవతలి వాళ్లకు ఇక్కడి ఇంటి సంగతులు నేరుగా తెలియవు. వాళ్లు నమ్మేది ఇక్కడి పాస్టరు రాసే లేఖని, ఫోన్లో చెప్పే మాటని.

ఆ అమ్మాయికి ప్లస్ టూ చదువుతుండగా ఫిట్స్ మొదలయ్యాయి. విశాఖపట్నం తీసుకెళ్లి చూపిస్తే మూర్ఛ వ్యాధి అని చెప్పి వాల్‌ప్రోయేట్ మాత్రలు రాశారు. అదే రోజుల్లో తల్లి ఆమెను ఒక స్వస్థత కూటానికి కూడా తీసుకెళ్లింది. కొన్నాళ్లకు ఫిట్స్ రావడం ఆగింది. తల్లి ఒక ఆదివారం చర్చిలో నిలబడి, మందులు లేకుండా ప్రభువు తన బిడ్డను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. సంఘం చప్పట్లు కొట్టింది. తర్వాత స్త్రీల సమాజంలో, బంధువుల ఇళ్లలో ప్రార్థన కూటాల్లో అదే సాక్ష్యం చాలాసార్లు చెప్పింది.

నిజానికి మాత్రలు వాడడం మానలేదు. తండ్రి నెలనెలా తెచ్చి ఇచ్చేవాడు. ఇంట్లో ముగ్గురికీ తెలుసు. చెల్లెలికి తెలిసీ తెలియనట్టు తెలుసు. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. ఆంధ్ర వైపు నుంచి సంబంధం వచ్చింది. ప్రధానం (నిశ్చితార్థం) అనుకున్నారు. మా దగ్గర ప్రధానం తర్వాత మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటనలు చదువుతాం, అబ్బాయి సంఘానికి లేఖ పంపుతాం. తల్లిదండ్రులు ఆ లేఖ కోసమే వచ్చారు. వెళ్లేముందు తల్లి అంది: "వాళ్లకి ఎవరైనా ఏదైనా చెప్తే మీకు ఫోన్ చేస్తారు అయ్యగారూ. చిన్నప్పుడు ఏదో ఉండేది, ప్రార్థనతో పోయిందని మీ నోటితో ఒక్కమాట చెప్పండి చాలు."

ఆ వారమే అమ్మాయి వేరుగా వచ్చింది. ఆమెతో ఒంటరిగా మాట్లాడకుండా, సంఘంలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడని కూడా కూర్చోబెట్టాను. ఆడపిల్లలు కౌన్సెలింగ్‌కి వస్తే నేను పాటించే పద్ధతి అది. అమ్మాయి చెప్పింది: అత్తారింటికి వెళ్లాక మాత్రలు విటమిన్ సీసాలో వేసుకుని తాగాలని అమ్మ చెప్పిందట. ఖాళీ సీసా కూడా కొని పెట్టిందట. "పండక్కి అందరం కలిసి పడుకుంటే ఎలా వేసుకోవాలి? అయిపోతే ఎవర్ని తెమ్మనాలి?" అని అడిగింది. దేవుడు క్షమిస్తాడా అని ఆమె అడగలేదు. ఆమె భయమంతా మాత్రల గురించే. ఈ కేసులో నా ఆలోచన మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదటి నిర్ణయం: నేను ఏం చెప్పను, ఏం దాస్తాను

ముందు నా సంగతి నేను తేల్చుకోవాలి. నా ముందు రెండు బాధ్యతలున్నాయి. నమ్మకంతో చెప్పిన మాట బయటపెట్టకూడదు. అబద్ధసాక్ష్యం పలకకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని చాలామంది అనుకుంటారు. క్రైస్తవ బోధలో ఈ రెంటికీ చోటుంది, హద్దు కూడా ఉంది.

తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను సుమారు 395లో అబద్ధం గురించి ఒక గ్రంథం, 420 ప్రాంతంలో మరొకటి రాశాడు. ఏ కారణం కోసమైనా అబద్ధం ఆడకూడదన్నది ఆయన పక్షం. అయినా నిజాన్ని దాచడం, అబద్ధం ఆడడం ఒకటి కాదని ఆయనే అంటాడు. కాథలిక్ సంఘపు కాటికిజం (విశ్వాస బోధల పుస్తకం) కూడా, తెలుసుకునే హక్కు లేనివాడికి నిజం చెప్పి తీరాలన్న బాధ్యత ఎవరికీ లేదంటుంది. లేవీయకాండం 19వ అధ్యాయంలో అబద్ధమాడవద్దనే ఆజ్ఞకీ, కొండెములు చెబుతూ తిరగవద్దనే ఆజ్ఞకీ మధ్య దూరం కొద్ది వచనాలే. కాబట్టి ఆమె జబ్బు సంగతి సంఘానికి చెప్పాల్సిన పని లేదు. ఆమెను చేసుకోబోయేవాడికి మాత్రం తెలుసుకునే హక్కుంది. అయితే చెప్పాల్సింది నేను కాదు, ఆమె. ఆ నిజం ఆమె ఒంటిది.

అబ్బాయి ఇంటికి నేనే ఫోన్ చేసి చెప్పేయొచ్చు కదా అని ఒక తోటి పాస్టరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే అబద్ధం ఆగుతుంది గానీ, ఆ అమ్మాయి నోరు మరోసారి మూయించినట్టవుతుంది. ఇన్నేళ్లూ ఆమె జబ్బు గురించి తల్లి మాట్లాడింది, ఇప్పుడు పాస్టరు మాట్లాడతాడు. పైగా ఆ తర్వాత సంఘంలో ఏ ఆడపిల్లా తన బాధ నా దగ్గరికి తీసుకురాదు.

తల్లిదండ్రులకు సూటిగా చెప్పాను: "నేనుగా ఎవరికీ ఏమీ చెప్పను. స్వస్థత అయిందని మాత్రం నా నోటితో రాదు. ఎవరైనా అడిగితే అమ్మాయినే అడగమంటాను. ఆమె అబ్బాయితో మాట్లాడేదాకా ప్రకటనలు చదవను." తల్లి ముఖం మాడిపోయింది. తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు.

పనిచేయనివి

మొదట వాక్యం తెరిచాను. నిర్గమకాండం 20:16, ఎఫెసీయులకు 4:25, అబద్ధమాడి చనిపోయిన అననీయ సప్పీరాల సంగతి. తల్లి బైబిలు బాగా చదివిన మనిషి. ఆమె జవాబు: "మేం అబద్ధం ఆడలేదు అయ్యగారూ. విశ్వాసంతో పలికాం. లేనివాటిని ఉన్నట్టుగా పిలవమనే కదా వాక్యం?" రోమా 4:17 అది. ఆ మాట దేవుని గురించి చెప్పింది, మనల్ని అలా పలకమని చెప్పింది కాదు అన్నాను. రెండు వచనాల తర్వాత 19లో అబ్రాహాము తన శరీరం మృతతుల్యమైందని ఆలోచించాడని ఉంది. ఉన్న సంగతిని ఉన్నట్టు చూశాడు, అయినా నమ్మాడు. విశ్వాసం ఉన్నదాన్ని లేదనదు. ఈ సంభాషణ కోసమే ఆ వచనాన్ని నేను మళ్లీ కూర్చుని చదివాను, నాకూ బలమిచ్చింది. తల్లి మాత్రం, "మీరు చదువుకున్నవారు, ఎలగైనా చెప్పగలరు" అని లేచి వెళ్లిపోయింది. వాదన ఎంత సరైనదైనా ఆమె భయం వాదనలో లేదు.

తర్వాత మంత్రసానుల ప్రస్తావన వచ్చింది. ఇది తెచ్చింది తండ్రి తరపు పెద్దమనిషి. హెబ్రీ మగపిల్లల్ని చంపమన్న ఫరోతో మంత్రసానులు షిఫ్రా, పూయా అబద్ధం చెప్పారు కదా, రాహాబు వేగులవాళ్లను దాచి లేరని చెప్పింది కదా, దేవుడు వాళ్లను మెచ్చుకున్నాడు కదా అన్నాడు. ఇది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు, సంఘ చరిత్రలో పెద్దపెద్దవాళ్లే దీనిమీద విడిపోయారు. దేవుడు మెచ్చింది వాళ్ల దయను, భక్తిని గానీ అబద్ధాన్ని కాదని అగస్టీను అంటాడు. ప్రాణం కాపాడడానికి హంతకుడితో చెప్పింది పాపమే కాదని మరికొందరంటారు. నేను ఆయనతో ఆ తగవులోకి దిగలేదు. ఒక్కటే అడిగాను: ఇక్కడ హంతకుడు ఎవరు? మోసపోయేది ఆమెను చేసుకుని అన్నం పెడదామనుకుంటున్న కుర్రాడు. ఇక ప్రాణం మాటకొస్తే, ఈ అబద్ధం కాపాడేది ఎవరి ప్రాణాన్ని? ఆయన ఆలోచనలో పడ్డాడు గానీ, "పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకుంటారులెండి" దగ్గరే ఆగాడు.

చట్టం సంగతీ చెప్పి చూశాను. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఒకప్పుడు పెళ్లికి అడ్డుగా ఉండేది, 1999 సవరణతో తీసేశారు. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో మూర్ఛ ప్రస్తావనే లేదు. మోసంతో సమ్మతి పొందారన్న కారణంతో పెళ్లి చెల్లదని కోర్టుకు వెళ్లే దారి మాత్రం అందులో ఉంది. అంటే జబ్బు వల్ల కాదు, దాచడం వల్లే ఇబ్బంది రావచ్చు. దీంతో వాళ్లకు టెన్షన్ పెరిగింది, మనసు మాత్రం మారలేదు. భయంలో ఉన్నవాళ్లకు ఇంకో భయం చూపిస్తే మరింత గట్టిగా దాస్తారు.

పనిచేసినవి

అమ్మాయి అనుమతి తీసుకుని, తండ్రినీ ఆమెనూ మళ్లీ విశాఖ డాక్టరు దగ్గరికి పంపాం. నర్సమ్మగారు వెంట వెళ్లారు. ముందు రోజు ముగ్గురం కూర్చుని అడగాల్సినవి కాగితం మీద రాసుకున్నాం. వాళ్లు తెచ్చిన జవాబులు ఇవి. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నిద్ర లేకపోవడం ఫిట్స్‌ని రేపుతుంది. పెళ్లింట్లో ఎవరు నిద్రపోతారు? అన్నిటికన్నా ముఖ్యమైనది: వాల్‌ప్రోయేట్ మీద ఉండగా గర్భం వస్తే, పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు రావచ్చు, ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. గర్భానికి ముందే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా వేరే మందుకు మారాలి. అలాగని భయపడి సొంతంగా ఆపకూడదు. సరైన మందు వాడితే 70 శాతం దాకా రోగులకు ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉంటాయని, చాలామంది పెళ్లి చేసుకుని పిల్లల్ని కని మామూలుగా బతుకుతారని కూడా చెప్పారట.

భర్తకు తెలియకుండా విటమిన్ సీసాలోంచి మాత్రలు తాగే అమ్మాయి గర్భం గురించి ఏ డాక్టరుతో, ఎవర్ని వెంటబెట్టుకుని మాట్లాడుతుంది? తండ్రి తిరిగొచ్చి, "నేను నా మనవడి మీదికే తెస్తున్నానన్నమాట" అన్నాడు. ఆయన అక్కడ మారాడు.

తల్లి దగ్గరికి వేరే దారిన వెళ్లాల్సి వచ్చింది. "నువ్వు అబద్ధం చెప్పావు" అనే మాట పక్కనపెట్టి, జరిగింది జరిగినట్టు ఒక వరసలో రాద్దామన్నాం: మొదటి ఫిట్ ఎప్పుడు, మందు ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెంచారు, కూటానికి ఎప్పుడు వెళ్లారు, ఆఖరి ఫిట్ ఎప్పుడు. తండ్రి దాచిన చీటీలన్నీ తెచ్చాడు. రాస్తూ ఉంటే రెండు సంగతులు బయటపడ్డాయి. ఫిట్స్ ఆగింది డోసు పెంచిన తర్వాత. ఆఖరిసారి ఫిట్ వచ్చింది ఉపవాస ప్రార్థనలో మాత్ర వేసుకోకుండా రాత్రంతా మెలకువగా ఉన్నప్పుడు. ఆ సంగతి తల్లి పూర్తిగా మరిచిపోయింది, లేదా గుర్తుంచుకోలేకపోయింది. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసి ఏడ్చింది. "అయితే దేవుడు ఏటీ చెయ్యనట్టేనా అయ్యగారూ?"

ఆమె అసలు బాధ ఇది. కూతురి పెళ్లి చెడుతుందనే భయం పైకి కనిపించింది. లోపల ఉన్నది, ఇన్నాళ్లు తను నిలబడి చెప్పిన దేవుడు అబద్ధమైపోతాడేమోననే భయం. దేవుని పరువు కాపాడే పని ఆమె నెత్తికెత్తుకుంది. యోబు 13వ అధ్యాయంలో స్నేహితులను నిలదీస్తాడు: దేవుని పక్షాన అన్యాయంగా వాదిస్తారా అని. అగస్టీను ఎనిమిది రకాల అబద్ధాలను వరుసపెట్టి, అన్నిటికన్నా ఘోరమైనదిగా మొదట పెట్టింది మతబోధలో ఆడే అబద్ధాన్నే. దేవునికి మన అబద్ధం అవసరం లేదు. ఇదంతా ఆ పూట ఆమెకు చెప్పలేదు. ఏడుస్తున్న తల్లికి అగస్టీను ఎందుకు? యెషయా 38 చదివాను. జబ్బుపడిన హిజ్కియా రాజు ప్రార్థించాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. నీ ప్రార్థన విన్నాను, పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానని దేవుడన్నాడు. అదే అధ్యాయం చివర్లో, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్తాడు. దేవుడు విన్నాడు, ముద్దా కట్టారు. ఆ రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నందుకు ఎవరికీ సిగ్గు కలగలేదు. తర్వాత, తీసేయమని వేడుకున్నా దేవుడు తీయని పౌలు శరీరంలోని ముల్లు గురించి, మిలేతులో జబ్బుతో ఉండగానే పౌలు విడిచి వచ్చిన త్రోఫిము గురించి మాట్లాడుకున్నాం. అపొస్తలుడి దగ్గరే స్వస్థత కానివాళ్లు ఉన్నారని, వాళ్ల సంగతి లేఖనం దాచలేదని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

మారడానికి కొంత కాలం పట్టింది. నేను తొందరపెట్టలేదు. ప్రకటనలు ఆగే ఉన్నాయి.

అమ్మాయి చెప్పిన తీరు

చెప్పడానికి అమ్మాయిని సిద్ధం చేయడంలో నర్సమ్మగారి పాత్ర ఎక్కువ. ఏడుస్తూ, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. జబ్బు నేరం కాదు. జబ్బు పేరు, ఎప్పట్నుంచి, ఏ మందు, ఆఖరి ఫిట్ ఎప్పుడు, పిల్లల విషయంలో డాక్టరు ఏమన్నారు, ఫిట్ వస్తే పక్కనున్నవాళ్లు ఏం చేయాలి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి. ముందు అబ్బాయికి ఒక్కడికే చెప్పాలి, ప్రధానానికి ముందే చెప్పాలి, ఆలోచించుకోవడానికి టైం ఇవ్వాలి.

ఆమె చెప్పింది. అబ్బాయి మర్యాదగా విన్నాడు, డాక్టరుతో మాట్లాడతానన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. సంబంధం ఆగిపోయింది. సంగతి ఘాటీకి రెండు వైపులా పాకింది, దాంతోపాటు లేనివి కూడా కలిశాయి. తల్లి కొన్ని వారాలు చర్చికి రాలేదు. లూథరు 1529 నాటి చిన్న కాటికిజంలో అబద్ధసాక్ష్యపు ఆజ్ఞకు ఇచ్చిన వివరణ నాకు అప్పుడు పనికొచ్చింది. పొరుగువాడి గురించి అబద్ధం ఆడకపోవడంతో ఆ ఆజ్ఞ తీరిపోదు, అతని తరపున నిలబడి మాట్లాడాలి, అతని గురించి మంచిగా చెప్పాలి అంటాడాయన. స్త్రీల సమాజంలో గుసగుసలు మొదలైనచోట నర్సమ్మగారు, మా ఇంటావిడ ఈ పని చేశారు. మూర్ఛకు దయ్యం కారణమనే మాట వచ్చినప్పుడు నేను కూడా ఊరుకోలేదు.

ఆ తర్వాత ఒకరోజు స్కూల్లో ఆమెకు ఫిట్ వచ్చింది. జ్వరం, నిద్రలేమి కలిశాయి. తోటి టీచర్లకు ఆమె అప్పటికే చెప్పి ఉంది. పక్కకి తిప్పారు, టైం చూశారు, తండ్రికి ఫోన్ చేశారు. పావుగంటలో తేరుకుంది. మందు ఏదని డాక్టరు అడిగితే తోటి టీచరే పేరు చెప్పింది. ఇప్పుడామె మందు మార్పు డాక్టరు పర్యవేక్షణలో జరుగుతోంది. ఇంకో సంబంధం మాటల్లో ఉంది, వాళ్లకు మొదటి రోజే అన్నీ చెప్పారు. కుదురుతుందో లేదో ఇంకా తేలలేదు. నిజం చెప్తే పెళ్లి అవుతుందని నేను ఆ అమ్మాయికి ఎప్పుడూ హామీ ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వను.

తల్లి స్త్రీల సమాజంలో మళ్లీ నిలబడి, మందు వాడుతూనే ఉన్నామని, వాడుతూ ప్రార్థిస్తున్నామని చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూటం అయ్యాక మరో ఇద్దరు తల్లులు తమ ఇళ్లలోని జబ్బుల గురించి నర్సమ్మగారిని పక్కకి పిలిచి అడిగారు.

మా సంఘంలో మార్చుకున్నవి

ఆరోగ్యం గురించి సాక్ష్యం చెప్పాలనుకునేవాళ్లతో ముందు మాట్లాడుతున్నాం. మందు వాడుతుంటే ఆ మాట కూడా చెప్పమంటున్నాం. రోగి వేరొకరైతే, కూతురైనా సరే, ఆమె ఒప్పుకుంటేనే చెప్పనిస్తున్నాం. ఈ కేసులో మొదటి తప్పు అక్కడే జరిగింది: పదిహేడేళ్ల పిల్ల జబ్బుని ఆమెను అడక్కుండా అందరి ముందూ పెట్టారు, తర్వాత అందరి ముందూ తీసేశారు. మందు మానేయమని చెప్పే వక్తలను మా కూటాలకు పిలవడం లేదు. దీనిమీద ఇద్దరు పెద్దలు ఇంకా నాతో ఒప్పుకోరు, మాట్లాడుకుంటూనే ఉన్నాం.

పెళ్లి లేఖలో బాప్తిస్మం, సభ్యత్వం, అవివాహిత అన్నది, అంటే మా రిజిస్టర్లో ఉన్నవి మాత్రమే రాస్తున్నాను. అవతలి సంఘం పాస్టరు ఫోన్లో ఆరోగ్యం గురించి అడిగితే అబ్బాయినో అమ్మాయినో నేరుగా అడగమంటాను. అలా అనే ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, చెప్పాల్సింది ఏమైనా ఉందా, చెప్పడానికి తోడు కావాలా అని అడుగుతాను. అబ్బాయిలనూ అడుగుతాను. చెప్పాల్సింది ఉండి ఇంకా చెప్పలేకపోతున్నామంటే, ప్రకటనల మొదటి ఆదివారాన్ని వెనక్కి జరుపుతాను.